మంచు చందమామకు మన మురికి అంటకుండా

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ పనిచేసే చోట దాన్ని పలికేవాళ్ళు లేరు. అందరికీ ఆవిడ తుడుపక్క. తుడవడమంటే గచ్చు తుడవడం, కిటికీలు తుడవడం అనుకునేరు. ఆవిడ తుడిచేది భూమిని వదిలి వెళ్ళే యంత్రాలను. ఇంకో గ్రహం మీదికో, దాని చుట్టూ తిరిగే చందమామ మీదికో దిగబోయే యంత్రానికి మన సూక్ష్మజీవులు అంటుకుని వెళ్ళకుండా, బయలుదేరేలోగా మళ్ళీ మళ్ళీ తుడుస్తూ ఉండడం ఆవిడ ఉద్యోగం. పొద్దున తుడిచింది సాయంత్రానికి మళ్ళీ తుడవాలి. నిన్న తుడిచింది ఇవాళ తుడవాలి. చూసేవాళ్ళకు తేడా ఏమీ కనబడదు. కనబడని దాన్ని తుడిస్తే తేడా ఎలా కనబడుతుంది?

ఆవిడ మొదట తుడిచిన యంత్రం అంగారకుడి మీద దిగి, కొన్నాళ్ళు తిరిగి, ఎర్రమట్టిలో చక్రాలు కూరుకుపోయి ఆగిపోయింది. రెండోది ఒక గ్రహశకలం దగ్గరికి వెళ్ళి, దాని చుట్టూ తిరిగి ఫొటోలు పంపి, ఆ తర్వాత పలకడం మానేసింది. అక్కడ ఉన్నది ఉత్త బండరాయే, దాన్ని అంత పట్టుబట్టి తుడవక్కర్లేదన్నారు. అయినా చెయ్యి ఊరుకోక తుడిచింది. ఇది మూడోది. గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామల్లో ఒకదానికి పైనంతా మంచు పెంకు. ఆ పెంకు కింద ఉప్పునీళ్ళ సముద్రం ఉందని చదువుకున్నవాళ్ళ నమ్మకం. నీళ్ళున్న చోట ఏదైనా బతుకుతూ ఉండొచ్చు. ఉందో లేదో చూసి రమ్మని పంపే యంత్రం మన చేతి మురికిని మోసుకుపోయిందనుకోండి. అక్కడ ఏదో కదిలిందని ఇక్కడ సంబరాలు చేసుకుని, తీరా చూస్తే అది మన వంటింటి పురుగే అని తేలితే ఏం పరువుంటుంది? పరువు పోతే పోయింది, అక్కడ నిజంగానే ఏదైనా బతికుంటే దాని ఉసురు పోసుకున్నవాళ్ళమవుతాం.

ఈ సంగతి విప్పి చెప్పిన రోజు చెల్లెలు చేతిలోని దువ్వెన కింద పెట్టి, “అంత దూరంలో ఉందో లేదో తెలియని పురుగు కోసం ఇక్కడ నువ్వు పౌడరు రాసుకోవడం మానేశావా? నీలాంటివాళ్ళు ఇంకో పదిమంది ఉంటే నా కొట్టు మూసుకోవాలి” అంది.

చెల్లెలిది అందాలు దిద్దే కొట్టు. అక్కాచెల్లెళ్ళు ఉండే ఇంట్లో వీధివైపు గదే ఆ కొట్టు. ఎత్తు పెంచే కుర్చీ ఒకటి, గోడనిండా అద్దం, అద్దం కింద అరలో పౌడర్లు, క్రీములు, గోళ్ళ రంగులు. చెల్లెలి వృత్తి మనుషులకు ఏదో ఒకటి పూయడం, అక్క వృత్తి ఉన్నదంతా తుడిచేయడం. యంత్రాన్ని ఉంచే గాజు గదిలోకి వెళ్ళేవాళ్ళు కాటుక పెట్టకూడదు, పౌడరు రాయకూడదు, సెంటు కొట్టకూడదు, చేతికి క్రీము పట్టించకూడదు. అందుకే అక్క కొట్టు గుమ్మం తొక్కకుండా పెరటి తలుపున వచ్చి పెరటి తలుపునే వెళ్ళేది. పెళ్ళి ఊసు ఎత్తేవాళ్ళు ఎత్తీ ఎత్తీ ఎప్పుడో అలిసిపోయారు. చెల్లెలి పెళ్ళి అయితే అయింది గానీ, అది నిలబడిన రోజులకంటే ఆ కొట్టులో క్రీము డబ్బా ఎక్కువ రోజులు నిలవుంటుంది. ఆ మాట చెల్లెలే నవ్వుతూ చెబుతుంది.

గాజు గదిలోకి వెళ్ళడం ఒక పెద్ద తతంగం. జిగురు చాప మీద చెప్పుల అడుగులు అంటించాలి. గాలి బుసకొట్టే అరలో చేతులెత్తి నిలబడాలి. తలకు ముసుగు, ఒంటికి తెల్ల సూటు, కాళ్ళకు బూట్లు, చేతులకు రెండు జతల గ్లౌజులు, మణికట్టు దగ్గర టేపు. అంతా అయ్యాక బయటకు కనబడేవి కళ్ళే. లోపల ఎవరు ఎవరో నడకను బట్టి పోల్చుకోవలసిందే. స్పిరిట్ తడిపిన గుడ్డను మడతపెట్టి ఒకే వైపుకు లాగాలి. వెనక్కి తేకూడదు. ఒక మడతతో ఒక్కసారే. అది అయితే తిప్పి ఇంకో మడత. అలా ఏళ్ళ తరబడి ఒకే వైపుకు లాగీ లాగీ తుడుపక్క కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి వాలిపోయింది.

భుజానిదేముంది, దానికి అలవాటు పడిపోయింది. అలవాటు కానివి చేతులు. లోపలికి వెళ్ళే ముందు, వచ్చాక, మధ్యలో గ్లౌజులు మార్చినప్పుడల్లా స్పిరిట్‌తో కడగాలి. ఆ కడుగుడుకు మణికట్ల దగ్గర చర్మం ఎండి, పగిలి, సన్నటి పొట్టులా లేవడం మొదలైంది. చర్మం అలా రాలేవాళ్ళను గాజు గదిలోకి రానివ్వరు. అది రూలు. బాగయ్యేదాకా బయట కూర్చోవాలి. మామూలప్పుడైతే ఆవిడే వెళ్ళి చెప్పి కూర్చునేది. ఇప్పుడు మాత్రం చెప్పలేదు.

ఎందుకంటే ఆఖరి తుడుపు దగ్గరపడింది. యంత్రాన్ని డొప్పలో పెట్టి మూసేసే ముందు ఒక మనిషి దాని చుట్టూ తిరిగి పైనుంచి కింది దాకా ఒకసారి తుడుస్తుంది. ఆ తర్వాత దాన్ని మనిషి చెయ్యి తాకదు, ఎప్పటికీ. అంగారకుడి యంత్రానికి ఆఖరి తుడుపు జరిగినప్పుడు ఆవిడ కొత్తది, తలుపు దగ్గర గుడ్డలు అందించింది. గ్రహశకలం యంత్రానికి జరిగిన రోజు జలుబు చేసి ఇంట్లో ఉండిపోయింది. ఈ మూడోదానికి మాత్రం తనకే కావాలని ఎప్పుడో అడిగి పెట్టుకుంది. ఇది అక్కడికి చేరేసరికి ఏళ్ళు పడుతుంది. అప్పటికి తను ఈ పనిలో ఉండదు. ఉండాలనీ లేదు. ఇదొక్కటీ సాగనంపి ఇంటికెళ్ళిపోతే చాలనుకుంది. అలసట అంటే ఒళ్ళు నొప్పి కాదు. గుడ్డ మడతపెడుతుంటే, ఈ మడత అయిపోయాక ఇంకోటి ఉందన్న సంగతి గుర్తొస్తేనే కళ్ళు మూతపడేవి.

అందుకని ఆవిడ ఒక ఉపాయం చేసింది. ఎప్పుడూ వేసుకునే సైజు గ్లౌజులు పగుళ్ళ మీద పట్టేస్తున్నాయని, ఒక సైజు పెద్దవి తీసుకుంది. టేపు బిగించి చుడితే మంట, కాబట్టి వదులుగా చుట్టింది. నిలబడి తుడుస్తున్నంతసేపూ ఏమీ కాలేదు. యంత్రానికి నాలుగు కాళ్ళు. ఆ కాళ్ళ మడతల కింద తుడవాలంటే వెల్లకిలా పడుకుని చెయ్యి పైకి చాపి మోచెయ్యి తిప్పాలి. అలా తిప్పినప్పుడు గ్లౌజు అంచు నోరు తెరిచేది. ఒకసారి ఆ నోరు ఆవిడ కంటబడింది. వెంటనే చెయ్యి దించి టేపు నొక్కుకుంది. ఇంకోసారి జాగ్రత్తగా తిప్పాలనుకుంది. అంతే, ఆ సంగతిని మనసులో ఎక్కడో మూల పడేసింది.

తుడిచిన చోట్ల దూది చుట్టిన తడి పుల్లతో రుద్ది, దాన్ని చిన్న గాజు పళ్ళెంలోకి ఎక్కించి, వెచ్చటి పెట్టెలో ఉంచి, మూడు రోజులయ్యాక ఏమైనా మొలిచిందా అని చూసే ఆవిడ ఒకరున్నారు. పళ్ళాల మేడమ్ అంటారు. చాలా చదువుకుంది, మాట తక్కువ. ఆ రోజు నాలుగు పళ్ళాలు పట్టుకొచ్చి బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద పెట్టింది. నాలుగింట్లోనూ పాలచుక్కల్లాంటి తెల్లటి చుక్కలు.

“కాళ్ళ దగ్గరివి. మనిషి ఒంటి మీద ఉండే రకం. ఎవరిదో చర్మం రాలింది” అంది మేడమ్.

అందరి చూపూ పొడుగాయన మీదికి వెళ్ళింది. పొడుగాయన బోల్టులు బిగించే ఫిట్టరు. మనిషి తాటి ఎత్తు, సూటు ఎప్పుడూ చీలమండల దగ్గర పొట్టి పడుతుంది. కాళ్ళ కింద పడుకుని పనిచేసేది తుడుపక్క తర్వాత అతనే. పైగా అతనికి చుండ్రు ఉన్న సంగతి జగమెరిగింది.

“నన్నెందుకు చూస్తారు?” అన్నాడతను.

“చూడ్డంలేదు బాబూ, నీ భుజం మీద మంచు పడిందేమోనని” అంది కళ్ళద్దాలమ్మాయి. ఆ అమ్మాయి రెండో తుడుపు మనిషి. తుడుపక్క లేని రోజున ఆ పని ఆమెదే.

“అంత మంచుంటే ఆ చందమామ దాకా పోవడం ఎందుకు, నా నెత్తి మీదే దిగమనండి” అన్నాడు పొడుగాయన. నవ్వారు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

మేడమ్ నవ్వలేదు. అందరి తలల నుంచి, మణికట్ల నుంచి పుల్లలతో రుద్ది తీసుకుంటానంది. ఎవరిదో పోల్చడానికి వారం పైన పడుతుంది. అప్పటిదాకా ఆగడానికి లేదు. గురుడి వైపు దారి ఎల్లకాలం తెరిచి ఉండదు, ఈ అదను దాటితే మళ్ళీ చాలా కాలం కాచుకోవాలి. ఎప్పటినుంచి రాలిందో, ఎక్కడెక్కడ రాలిందో తెలియదు కాబట్టి యంత్రం మొత్తం విప్పి, క్రిములు చచ్చేలా ముక్క ముక్క వేడికి కాల్చి, తుడిచి, మళ్ళీ బిగించడం తప్ప దారి లేదు. అదనులోపు అది అవుతుందో కాదో చెప్పలేనంది.

“ఈలోగా నువ్వు బయట ఉండు” అంది పొడుగాయనతో. “నీదే అనడంలేదు. ఎవరో ఒకరిని ఆపాలి, రేపు పైవాళ్ళు అడుగుతారు.”

పొడుగాయన సరేనని తల ఊపి, తొడుక్కోబోయిన సూటును మళ్ళీ కొక్కేనికి తగిలించాడు. తుడుపక్క తన రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని గోడకానుకుని నిలబడి ఉంది. ఎప్పటినుంచి రాలిందో, ఎక్కడ రాలిందో ఆ గదిలో ఒక్క మనిషికి తెలుసు. పెద్ద గ్లౌజులు తీసుకున్న నాటి నుంచి, నాలుగు కాళ్ళ మడతల కింద. ఇంకెక్కడా కాదు. చెబితే ఆ నాలుగు చోట్లే మళ్ళీ శుభ్రం చేస్తారు. చెబితే తను బయట.

ఆ సాయంత్రం పెరటి తలుపున వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా మెట్టు మీద కూలబడింది. చెల్లెలు టీ తెచ్చి పక్కన పెట్టి చెయ్యి పట్టుకుని చూసింది. ఆ చూపు కొట్టులో కూర్చున్న మనిషిని చూసే చూపే.

“ఇదేమిటే అక్కా, బల్లి కుబుసం విడిచినట్టు!”

తుడుపక్క సంగతంతా చెప్పింది. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు.

“ఇంతకీ ఆ పుల్లలు ఎప్పుడు రుద్దుతారు?”

“ఎల్లుండి.”

“ఆ ముందు బాగా స్పిరిట్ పోసి కడుక్కుని వెళ్తే?”

“ఏమీ దొరకదు.”

“మరింకేం?”

“అది విప్పుతారే. మొత్తం విప్పుతారు. వాణ్ణి బయట కూర్చోబెట్టారు.”

చెల్లెలు టీ కప్పు ఆవిడ చేతిలో పెట్టింది. “అయితే పొద్దున వెళ్ళి చెప్పు. లేదూ, చెప్పకు. చెప్పకపోతే రాత్రంతా పక్క మీద పొర్లుతావు, నా నిద్ర పాడవుతుంది. నాకు రేపు పొద్దున్నే ఇద్దరు పెళ్ళికూతుళ్ళున్నారు, అది చూసుకుని చెయ్యి.”

“నాకది ఒక్కటీ కావాలనిపించిందే” అంది తుడుపక్క. “ఇన్నేళ్ళలో ఇంకేదీ అడగలేదు.”

“తెలుసు” అంది చెల్లెలు.

రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు. పొద్దున తుడుపక్క బస్సు దిగి నడుస్తూ, చెప్పాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. స్పిరిట్‌తో కడుక్కుంటే ఏమవుతుందో, విప్పడానికి ఎన్నాళ్ళు పడుతుందో, విప్పినా అదనుకు అందుతుందేమో, అలా అటూ ఇటూ లాగుతూనే బట్టలు మార్చుకునే గది తలుపు తోసింది. చెప్పుల బెంచీ మీద ఎవరో కొత్త మనిషి కూర్చున్నాడు. నున్నటి గుండు, గడ్డం మీసం ఏమీ లేవు, కనుబొమ్మలు మాత్రం మిగిలాయి. ఆ మనిషి లేచి నిలబడితే గానీ అంత ఎత్తు ఇంకెవరికీ లేదని ఆవిడకు తట్టలేదు.

“ఒరే, నువ్వా!”

“ఎలా ఉన్నానక్కా?” అన్నాడు పొడుగాయన. “ఇంక రాలడానికి నా దగ్గర ఏమీ లేదు. మేడమ్‌కి ఇదే చూపించి అడుగుతా, లోపలికి రానివ్వమని. రాత్రి మా ఆవిడ తలుపు తీసి, ఎవరు కావాలండీ అంది. పిల్లది ఏడ్చింది.”

తుడుపక్కకు నవ్వొచ్చింది. నవ్వుతూనే బెంచీ మీద కూర్చుండిపోయింది. గుండు అక్కడక్కడ గాటు పడి ఉంది. ఎక్కడో అద్దం ముందు నిలబడి తనే గీసుకున్నట్టుంది. అటూ ఇటూ లాగుతున్నదేదో లోపల ఒక్కసారిగా వదులైపోయింది. ధైర్యం వచ్చి కాదు. దాన్ని ఇంకా పట్టుకుని ఉండే ఓపిక లేకపోయింది.

“నీది కాదురా” అంది. చేతులు చాపి చూపించింది. “నాది.”

అతను మణికట్ల వైపు చూశాడు. తర్వాత ఆవిడ మొహం వైపు చూశాడు. చెయ్యి తనంతట తనే గుండు మీదికి వెళ్ళింది.

“ఆ మాటేదో నిన్న సాయంత్రం చెప్పుంటే నా జుట్టు మిగిలేది కదక్కా!”

“మొలుస్తుందిలే.”

“మొలుస్తుంది. నువ్వు మాత్రం…” అని ఆగిపోయాడు. ఆవిడ ఆఖరి తుడుపు అడిగి పెట్టుకున్న సంగతి అతనికి తెలుసు. అక్కడ తెలియనివాళ్ళు లేరు.

మేడమ్ పళ్ళాల ముందు కూర్చుని ఉంది. తుడుపక్క నిలబడే చెప్పింది, గ్లౌజు సైజు, టేపు, వెల్లకిలా పడుకోవడం, మోచెయ్యి తిప్పడం, ఏ నాటి నుంచి అన్నది. మేడమ్ మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని కళ్ళు నులుముకుంది.

“కాళ్ళ కింద తప్ప ఇంకెక్కడా అలా చెయ్యి తిప్పలేదు?”

“తిప్పే పనే లేదు మేడమ్. మిగతాదంతా నిలబడి చేసేదే.”

“అయితే నాలుగు చోట్లు.” మేడమ్ ఊపిరి వదిలింది. “విప్పక్కర్లేదేమో. పుల్లలు మాత్రం ఇవ్వాలి, నీ మాట ఒక్కటే సరిపోదు. చర్మం లేస్తోందని అప్పుడే చెప్పుంటే…” అని, తనే తల అడ్డంగా ఊపింది. “అప్పుడే చెప్పుంటే అప్పుడే బయట పెట్టేదాన్ని. అందుకే చెప్పలేదు.”

“అవును మేడమ్.”

“కళ్ళద్దాలమ్మాయికి అప్పగిస్తాను.”

“బాగా చేస్తుంది” అంది తుడుపక్క. ఆ మాట నిజమే. నిజం కాకపోతే కాస్త సులువుగా ఉండేదేమో అనిపించింది.

నాలుగు కాళ్ళూ మళ్ళీ తుడిచారు, కాల్చగలిగిన భాగాలు కాల్చారు. వచ్చిన పళ్ళాల్లో చుక్కల్లేవు. పుల్లల పరీక్షలో ఆవిడదే అని తేలింది. ఎవరూ ఏమీ అనలేదు. జీతం తెగ్గొయ్యలేదు, ఉద్యోగం తీసెయ్యలేదు. గాజు గది బయట గుడ్డలు లెక్కపెట్టి కట్టలు కట్టే పని ఇచ్చారు. ఆ పనికి కుర్చీ ఉంది. అన్నేళ్ళలో పనిగంటల్లో ఆవిడ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

ఆఖరి తుడుపు రోజున మేడమ్ ఆ కుర్చీని గాజు గోడ పక్కకు జరిపించింది. లోపల యంత్రం దీపాల కింద నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది, పెళ్ళికి ముస్తాబైనట్టు కాదు, వైద్యుడి ముందు బట్టలు విప్పి నిలబెట్టినట్టు. చుట్టూ తెల్ల సూట్లు. అటు తిరిగి ఉన్నా కళ్ళద్దాలమ్మాయి ఎవరో తుడుపక్క నడకను బట్టి పట్టింది. ఆ అమ్మాయి పైనుంచి మొదలుపెట్టింది. మడత, లాగుడు, తిప్పడం. మళ్ళీ మడత. చెయ్యి తొందరపడలేదు, వెనక్కి రాలేదు. బయటి నుంచి చూస్తే ఆ సూటులో ఎవరున్నా ఇలాగే ఉంటుంది. ఇన్నేళ్ళూ తనూ ఇలాగే కనబడి ఉంటుంది, ఎవరో ఒకరిలా. ఆ ఆలోచన బాధపెడుతుందేమోనని కాసేపు ఎదురు చూసింది. పెట్టలేదు. కళ్ళు మాత్రం బరువెక్కాయి.

కాళ్ళ దగ్గరికొచ్చేసరికి పొడుగాయన వంగి, ఆ అమ్మాయికి దీపం పట్టుకున్నాడు. పొరపాటున “అక్కా, ఇటు” అన్నట్టు చెయ్యి ఊపి, ఎవరని పిలిచాడో గుర్తొచ్చి గాజు వైపు తిరిగి చూశాడు. తుడుపక్క చెయ్యెత్తింది, పని చూసుకోమన్నట్టు.

ఒక కాలు అయింది. రెండో కాలు అయింది. గాలి యంత్రాల హోరు గాజులోంచి సన్నగా వినబడుతోంది. తలను గాజుకు ఆనించింది, చల్లగా ఉంది. మూడో కాలు కింద గుడ్డ మడత తిరగడం చూసింది.

తర్వాత జరిగింది పొడుగాయన చెబితే తెలిసింది. నాలుగో కాలు అయింది, డొప్ప దించారు, బిగించారు, బండి మీదికెక్కించి పెద్ద తలుపులోంచి అవతలి హాలుకు తోసుకెళ్ళారు. ఆవిడ కుర్చీ పక్కనుంచే వెళ్ళింది. అంతమంది అంత పెద్ద బండిని తోస్తూ, చెప్పులు చప్పుడు కాకుండా నడిచారట.

“నన్ను లేపకూడదురా?” అంది తుడుపక్క. లేచేసరికి గాజు గది ఖాళీగా ఉంది, సగం దీపాలు ఆర్పేశారు.

“లేపానక్కా. మేడమ్ వద్దన్నా లేపాను. భుజం పట్టి ఊపాను.”

“మరి?”

“కళ్ళు తెరవకుండానే ‘అయిందిగా, ఇంక వెళ్ళు’ అన్నావు.” అతను మొలుస్తున్న జుట్టును గోక్కున్నాడు. “నన్ను అన్నావో, దాన్ని అన్నావో నాకు తెలియలేదు. నేనైతే ఆగాను. అదైతే వెళ్ళిపోయింది.”